పాప పంటికి నల్లబడే మందు రాస్తామంటున్నారు, డ్రిల్లింగ్ లేకుండా పుచ్చు నిజంగా ఆగుతుందా?

మియాపూర్_అమ్మ:

అందరికీ నమస్తే. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్. మా పాపకి నాలుగేళ్ళ మూడు నెలలు, బరువు 16 కేజీలు. పోయిన నెల బ్రష్ చేయిస్తుంటే కింద ఎడమ వైపు దవడ పంట్లో గోధుమ రంగు గుంట కనపడింది, కుడి వైపు కూడా చిన్నది ఒకటి ఉంది, ఇంక పైన ముందు పళ్ళు నాలుగింటికీ చిగురు అంచున సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీతలు. నేను అవి పాల మరకలు అనుకుని రెండు మూడు నెలలు పట్టించుకోలేదు, అదే బాధగా ఉంది.

మొదట వెళ్ళిన క్లినిక్‌లో ఐదు నిమిషాలు చూసి ఆరు పళ్ళకీ ట్రీట్‌మెంట్ కావాలి, పాప కూర్చోదు కాబట్టి పూర్తి మత్తు ఇచ్చి ఒకేసారి రూట్ కెనాల్స్, క్యాపులు చేసేస్తాం అన్నారు. ఎక్స్‌రే కూడా తీయలేదు. మత్తు అనగానే నాకు కాళ్ళు చేతులు ఆడలేదు. రెండో డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆమె ఎక్స్‌రే తీసి, నరం దాకా పోలేదమ్మా, ఎడమ దవడ పంటికి డ్రిల్ చేయకుండానే స్టీలు క్యాప్ పెడదాం, కుడి దానికి ఎస్‌డీఎఫ్ అని మందు రాద్దాం, ముందు పళ్ళకి ఫ్లోరైడ్ వార్నిష్ చాలు అన్నారు. కాకపోతే ఆ మందు రాస్తే పుచ్చిన చోట నల్లగా అయిపోతుందంట, మళ్ళీ తెల్లబడదంట.

ఇప్పుడు ఇంట్లో ఎవరి మాట వాళ్ళది. మా ఆయన పాలపళ్ళే కదా ఎలాగూ ఊడిపోతాయి వదిలేయ్ అంటారు. మా అత్తమ్మ వాళ్ళది మునుగోడు వైపు, ఫ్లోరైడ్ పేరు చెప్తేనే ఆమెకి భయం, ఆ ఊళ్ళల్లో ఫ్లోరైడ్ నీళ్ళకి నడుములు వంగిపోయిన మనుషుల్ని చూసి పెరిగింది, ఆ విషం పిల్ల నోట్లో రాస్తారా అని ఏడ్చేసింది. నాకేమో పుచ్చు గీకకుండా లోపలే పెట్టి మూసేస్తే అది లోపల తింటూనే ఉంటది కదా అని అనుమానం.

నా ప్రశ్న ఒక్కటే, ఈ డ్రిల్లింగ్ లేని పద్ధతుల మీద నిజంగా రీసెర్చ్ జరిగిందా, పిల్లల మీద ఏళ్ళ తరబడి చూశారా, లేక కొత్తగా వచ్చిన ఫ్యాషనా? తెలిసినవాళ్ళు చెప్పండి. పాపకి రాత్రి నొప్పి లేదు, వాపు లేదు, అన్నం తింటే ఎడమ వైపు ఇరుక్కుంటుంది అంతే.

పిల్లలపళ్ళ_డాక్టర్_బెజవాడ:

అమ్మా, ముందు మీరు బాధపడటం ఆపండి. పాల మరక అనుకోవడం చాలామంది చేసేదే, ఆ తెల్ల గీత ఎండితేనే బాగా కనపడుతుంది, ఉమ్మి తడి మీద ఉంటే మాకే ఒక్కోసారి దొరకదు, అందుకే మేం గాలి కొట్టి ఆరబెట్టి చూస్తాం. నేను పిల్లల పళ్ళ డాక్టర్ని, నోట్లో చూడకుండా మీ పాపకి ఇదే చెయ్యండి అని చెప్పలేను, కానీ మీరు అడిగినదానికి నాకు తెలిసింది చెప్తాను.

పుచ్చు అంటే పన్ను కుళ్ళిపోవడం కాదండి, పంటి మీద రోజూ జరిగే ఇచ్చిపుచ్చుకోవడంలో లెక్క తప్పడం. తీపో పిండి పదార్థమో తిన్న ప్రతిసారీ పాచిలో ఉన్న బ్యాక్టీరియా ఆమ్లం చేస్తుంది, పీహెచ్ 5.5 కంటే కిందకి పోతే ఎనామిల్‌లోంచి కాల్షియం ఫాస్ఫేట్ కరిగి బయటికొస్తుంది, ఆ తర్వాత అరగంటో ఇంకొంచెం ఎక్కువో పట్టి లాలాజలం ఆ ఆమ్లాన్ని తగ్గించి పోయిన ఖనిజంలో కొంత తిరిగి ఇస్తుంది. రోజుకి మూడు నాలుగు సార్లు తింటే లాలాజలానికి టైము దొరుకుతుంది. పది సార్లు బిస్కెట్ ముక్క, రాత్రి నిద్రలో పాలసీసా, పాలల్లో తీపి పొడి, ఇలా ఉంటే దొరకదు. మీ పాప ముందు పళ్ళ గీతలు ఆ లెక్క తప్పిన మొదటి గుర్తు. పైపొర ఇంకా ఉంది, కింద మాత్రం గుల్లబడింది. ఈ దశలో సూది లాంటి పనిముట్టుతో గట్టిగా గుచ్చితే ఆ పైపొర విరిగి నిజంగానే గుంట పడుతుంది. పైపొర ఉన్నంతవరకు వెనక్కి తిప్పొచ్చు, కనీసం అక్కడితో ఆపొచ్చు. డ్రిల్ పెడితే మాత్రం ఇంక వెనక్కి లేదు, ఆ పన్ను జీవితాంతం ఫిల్లింగ్ మీద ఫిల్లింగే.

వార్నిష్ గురించి: 2013లో కాక్రేన్ అని వైద్య పరిశోధనల్ని కలిపి సమీక్షించే సంస్థ వాళ్ళు అప్పటిదాకా జరిగిన ట్రయల్స్ అన్నీ కలిపి లెక్కేస్తే పాలపళ్ళలో పుచ్చు సగటున 37 శాతం, శాశ్వత పళ్ళలో 43 శాతం తగ్గింది. జెల్లీ లాగా ఉంటుంది, బ్రష్‌తో పూస్తాం, రెండు నిమిషాల పని. మూడు నుంచి ఆరు నెలలకోసారి.

మీ అత్తగారి భయం గురించి విడిగా రాస్తాను, అది తీసిపారేసే భయం కాదు.

మీ వారి మాటకి మాత్రం ఇక్కడే జవాబు. ముందు పళ్ళు ఆరేడేళ్ళకి ఊడతాయి నిజమే కానీ దవడ పాలపళ్ళు పదేళ్ళు, పదకొండేళ్ళ దాకా ఉండాలి. అంటే ఇంకా ఆరేడేళ్ళు ఆ పంటితోనే నమలాలి. వదిలేస్తే చీము పట్టి ముందే పీకాల్సి వస్తే పక్క పళ్ళు జరిగి కింద నుంచి వచ్చే శాశ్వత పంటికి చోటు తగ్గుతుంది.

ట్రయల్స్_చదివే_పిల్ల:

నేను పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీలో పీజీ చేస్తున్నా, నా థీసిస్ ఇంచుమించు ఇదే టాపిక్, అందుకే ఆగలేక రాస్తున్నా. అక్కా, ఫ్యాషన్ కాదు. ఎస్‌డీఎఫ్ అంటే సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్, జపాన్‌లో ఒసాకా యూనివర్సిటీ వాళ్ళు 1960ల చివర్లో తయారుచేశారు, 1970 నుంచే అక్కడ వాడుతున్నారు. వెండి బ్యాక్టీరియాని చంపుతుంది, ఫ్లోరైడ్ మెత్తబడిన చోటుని గట్టిపరుస్తుంది. అమెరికాలో మాత్రం 2014 దాకా అనుమతి లేదు, అప్పుడు కూడా జివ్వుమనే పళ్ళకి అని ఇచ్చారు, పుచ్చుకి వాడటం డాక్టర్ల విచక్షణ. 2021లో వరల్డ్ హెల్త్ ఆర్గనైజేషన్ అత్యావశ్యక మందుల లిస్టులో చేర్చారు, ఫ్లోరైడ్ టూత్‌పేస్టుతో పాటు.

రీసెర్చ్ ఎక్కువగా హాంకాంగ్ యూనివర్సిటీ నుంచి వచ్చింది. 2002లో వాళ్ళు అచ్చువేసింది గ్వాంగ్‌జౌలో 375 మంది చిన్న పిల్లల మీద, రెండున్నరేళ్ళు చూశారు, పై ముందు పళ్ళలో పుచ్చు. ఏడాదికి ఒక్కసారి ఎస్‌డీఎఫ్ రాసిన గుంపులో ఆగిపోయిన పుచ్చులు, మూడు నెలలకోసారి వార్నిష్ పూసిన గుంపు కంటే ఎక్కువ. అందులో నాకు బాగా నచ్చింది ఏంటంటే ముందు మెత్తటి పుచ్చు గీకి రాసినా గీకకుండా రాసినా ఆగడంలో పెద్ద తేడా రాలేదు. అంటే మీ అనుమానానికి సగం జవాబు అక్కడే ఉంది.

తర్వాత 2018లో అదే హాంకాంగ్ వాళ్ళది ఇంకోటి వచ్చింది, 888 మంది కిండర్‌గార్టెన్ పిల్లలు, 30 నెలలు. నాలుగు గుంపులు చేశారు. 12 శాతం గాఢత ఉన్న మందు ఏడాదికోసారి రాస్తే 55.2 శాతం, ఆరు నెలలకోసారి రాస్తే 58.6 శాతం ఆగాయి. 38 శాతం మందు ఏడాదికోసారి అయితే 66.9, ఆరు నెలలకోసారి అయితే 75.7. కాబట్టి డాక్టర్ని అడగాల్సిన ప్రశ్నలు రెండు, మందు 38 శాతందేనా, ఆరు నెలలకి మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు. ఒకసారి రాయించుకుని వెళ్ళిపోయి మళ్ళీ మొహం చూపించకపోతే ఆ 75 మనకి వర్తించదు. ఇంకోమాట, 75 అంటే నాలుగిట్లో ఒకటి ఆగలేదని కూడా, అది మర్చిపోకూడదు. ముందు పళ్ళలో బాగా ఆగుతాయి, దవడ పళ్ళలో అంత కాదు, ఎందుకంటే అక్కడ పాచి, మెతుకులు ఇరుక్కుంటాయి, బ్రష్ సరిగ్గా అందదు. మీ డాక్టర్ పెద్ద గుంట ఉన్న పంటికి క్యాప్, చిన్నదానికి మందు అన్నారంటే ఆలోచించే చెప్పారనిపిస్తుంది.

నిజాయితీగా ఇంకోటి కూడా చెప్పాలి. బ్రిటన్‌లో ఫిక్షన్ అనే ట్రయల్ జరిగింది, 2020లో ఫలితాలు వచ్చాయి, 3 నుంచి 7 ఏళ్ళ పిల్లలు 1,144 మంది, అందరికీ అప్పటికే లోపొర దాకా పుచ్చు ఉంది. ఒక గుంపుకి మామూలుగా డ్రిల్లింగ్ ఫిల్లింగ్, ఒక గుంపుకి గీకకుండా మూసేసే పద్ధతి, ఇంకో గుంపుకి పుచ్చు జోలికి పోకుండా బ్రషింగు, తిండి, వార్నిష్ మాత్రమే. మూడేళ్ళ దాకా చూస్తే నొప్పి గానీ చీము గానీ వచ్చిన పిల్లలు 42, 40, 45 శాతం. అంటే తేడా ఉందని చెప్పడానికి లేదు. దీన్ని కొందరు అయితే ఏదైనా ఒకటేలే అని చదువుతారు. నేనైతే రెండు రకాలుగా చదువుతా. ఒకటి, డ్రిల్ చేయకపోతే ఘోరం జరుగుతుందన్న మాటకి ఆధారం లేదు. రెండు, లోపొర దాకా పోయాక ఏ పద్ధతైనా పది మందిలో నలుగురికి ఇబ్బంది వస్తోంది, కాబట్టి ఆ తెల్ల గీతల దశలోనే పట్టుకోవాలి. మీ పాప ముందు పళ్ళు నాలుగూ ఇంకా ఆ దశలోనే ఉన్నాయి అక్కా, అది చిన్న విషయం కాదు.

డండీ_లో_తెలుగమ్మాయి:

శీర్షిక చూసి పరిగెత్తుకొచ్చా. మేం స్కాట్లాండ్‌లో డండీలో ఉంటాం, మీ డాక్టర్ చెప్పిన డ్రిల్లింగ్ లేని స్టీలు క్యాప్ మా బాబుకి ఐదేళ్ళప్పుడు పెట్టారు, దాన్ని ఇక్కడ హాల్ టెక్నిక్ అంటారు. నోర్నా హాల్ అనే డాక్టర్ స్కాట్లాండ్‌లోనే మామూలు ప్రాక్టీసులో ఏళ్ళ తరబడి పిల్లలకి ఇంజెక్షన్ లేకుండా, గీకకుండా క్యాపులు అతికించేవారంట, ఆవిడ రికార్డులు చూసి డండీ యూనివర్సిటీ వాళ్ళు ఇదేంటి ఇలా నిలబడుతున్నాయి అని ట్రయల్ చేశారు. మా డెంటిస్ట్ గోడ మీద ఆ గ్రాఫే ఉంటుంది. 132 మంది పిల్లలు, ఒకే పిల్లాడి నోట్లో ఒక పంటికి హాల్ క్యాపు, ఇంకో పంటికి మామూలు ఫిల్లింగ్. ఐదేళ్ళ తర్వాత నొప్పి, చీము లాంటి పెద్ద ఇబ్బందులు క్యాపు పళ్ళలో 3 శాతం, ఫిల్లింగ్ పళ్ళలో 16.5 శాతం. ఊడిపోవడం, మళ్ళీ పుచ్చడం లాంటి చిన్నవి 5 శాతానికి 42 శాతం.

నాకూ మీలాగే లోపల తింటూనే ఉంటుంది కదా అన్న భయం ఉండేది. మా డెంటిస్ట్ ఏం చెప్పారంటే, ఆ బ్యాక్టీరియాకి తిండి బయట నుంచి రావాలి, గట్టిగా మూసేస్తే దానికి చక్కెర అందదు, నిద్రపోయినట్టు అయిపోతుంది, ఈలోగా పన్ను లోపలి నుంచి గోడ కట్టుకుంటుంది అని. మూత బాగుంటేనే ఇదంతా, అది గుర్తుపెట్టుకోండి.

అసలు ఏం జరుగుతుందో చెప్తా, పాపని ముందే సిద్ధం చేయొచ్చు. నాలుగైదు రోజుల ముందు పళ్ళ మధ్య చిన్న రబ్బరు రింగులు పెట్టారు, సందు రావడానికి. అది కొంచెం సలిపింది, రెండు పూటలు మెత్తటి పెరుగన్నం పెట్టా. క్యాపు రోజున సైజు చూసి, లోపల సిమెంట్ నింపి, పంటి మీద పెట్టి గట్టిగా నొక్కి, దూది చుట్ట ఇచ్చి కొరకమన్నారు. చిగురు తెల్లబడింది, నేను కంగారుపడ్డా, పది నిమిషాల్లో మామూలైంది. మొత్తం పావుగంట కూడా పట్టలేదు, బాబు నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు. తర్వాత ఒక వారం పది రోజులు ఆ పన్ను ఎత్తుగా తగిలి, అమ్మా నా పళ్ళు కలవట్లేదు అనేవాడు, దానంతట అదే సర్దుకుంది. ఇప్పుడు వాడికి ఎనిమిదేళ్ళు, క్యాపు అలాగే ఉంది, వెండి పన్ను అని స్కూల్లో అందరికీ చూపిస్తాడు. కానీ ఎక్స్‌రేలో పుచ్చుకీ నరానికీ మధ్య మంచి పొర కనపడితేనే ఇది చేస్తారు, రాత్రి నొప్పి ఉన్న పంటికి చేయరు. మీ డాక్టర్ ఎక్స్‌రే తీశారన్నారు కదా, ఆ ఒక్క మాటతో నాకైతే రెండో డాక్టర్ మీద నమ్మకం కలిగింది.

కనిగిరి_నీళ్ళు:

మియాపూర్ అమ్మగారూ, మీ అత్తమ్మగారికి నా తరపున నమస్కారం చెప్పండి. మాది కనిగిరి పక్కన పల్లె, ఇదివరకటి ప్రకాశం జిల్లా. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బుని మొదట గుర్తించి రాసింది 1937లో, అది మా వైపే, అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. మా తాత నలభై ఐదేళ్ళకే మెడ తిప్పలేకపోయాడు, మనిషిని పిలిస్తే ఒళ్ళంతా తిప్పి చూసేవాడు. నా పళ్ళకి కూడా గోధుమ చారలు ఉన్నాయి, ఫోటో దిగేటప్పుడు నోరు మూసుకునే ఉంటా. కాబట్టి ఫ్లోరైడ్ మంచిదే అని డాక్టర్లు తేలిగ్గా అనేస్తుంటే మాకు కడుపులో రగులుతుంది, ఎవరైనా ముందు మా నీళ్ళ గురించి అడిగి తర్వాత మందు గురించి మాట్లాడాలి.

అయినా నేను నా కూతురికి వార్నిష్ వేయించా. ఎందుకంటే మమ్మల్ని వంచింది పూసిన మందు కాదు, పుట్టిన దగ్గర్నుంచి బిందెల కొద్దీ తాగిన బోరు నీళ్ళు, వండుకున్న బోరు నీళ్ళు, అది తేడా తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. డాక్టర్ గారు వివరంగా చెప్తారేమో, నేను చదివినవాణ్ణి కాదు.

పిల్లలపళ్ళ_డాక్టర్_బెజవాడ:

కనిగిరి గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం, ముందు నీళ్ళే అడగాలి. అమ్మా, మీ ఇంట్లో తాగేది ఏ నీళ్ళు, పాప పుట్టినప్పటి నుంచి హైదరాబాదులోనేనా, లేక అత్తగారి ఊళ్ళో బోరు నీళ్ళ మీద కొన్నాళ్ళు పెరిగిందా, ఇది మీ డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, ఎముకల దాకా పోయిన ఊళ్ళలో దానికి ఎన్నో రెట్లు, అదీ రోజూ రెండు మూడు లీటర్లు, పదులేళ్ళు. ఇప్పుడు వార్నిష్ లెక్క చూడండి. చదివితే 22,600 పీపీఎం, అంటే లీటరుకి అన్ని మిల్లీగ్రాములు, అని భయంగా ఉంటుంది, కానీ పాలపళ్ళన్నిటికీ కలిపి పూసేది పావు మిల్లీలీటరు, అంటే ఐదున్నర మిల్లీగ్రాముల చుట్టుపక్కల, ఆరు నెలలకోసారి. ఎస్‌డీఎఫ్ ఇంకా గాఢం, 44,800 పీపీఎం, కానీ వాడేది ఒక చుక్క, అందులో ఒకటిన్నర మిల్లీగ్రాము లోపే. పిల్లలకి ఒకేసారి కడుపులోకి పోతే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన మోతాదు కేజీకి ఐదు మిల్లీగ్రాములు అని పెట్టుకుంటాం, మీ పాప బరువుకి అది 80.

జాగ్రత్త పడాల్సింది ఎక్కడంటే రోజూ వాడే పేస్టు దగ్గర. నాలుగేళ్ళ పిల్లకి శాశ్వత ముందు పళ్ళు చిగురు లోపల ఇంకా తయారవుతూ ఉంటాయి, రోజూ పేస్టు మింగితే వాటి మీద తెల్ల చారలు రావొచ్చు. అందుకే మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, తర్వాత బఠాణీ గింజంత, అంతే, యాడ్‌లో చూపించినట్టు బ్రష్ నిండా కాదు. పేస్టు మాత్రం 1000 పీపీఎం ఉండాలి, మన దేశంలో అనుమతించిన పైహద్దు అదే, పిల్లల పేస్టులు చాలావాటిలో అంతకంటే బాగా తక్కువ ఉంటుంది, డబ్బా వెనక చదవండి. ఉమ్మించండి, నీళ్ళతో పుక్కిలించొద్దు. బ్రష్ పట్టుకునేది మీరే, పాప కాదు.

ముందు చెప్పడం మర్చిపోయాను, మత్తు ఇచ్చి చేయడం తప్పేం కాదు, నేనూ చేస్తాను, చీము పట్టిన పళ్ళు ఐదారు ఉన్నప్పుడు, మాట వినే స్థితిలో లేని పిల్లలకి అది అవసరం. ఎక్స్‌రే లేకుండా ఆ నిర్ణయానికి రావడమే నాకు మింగుడు పడలేదు.

పల్లెటూరి_పెద్దమ్మ:

ఏమో తల్లీ మా చిన్నప్పుడు వాకుడు గింజలు నిప్పుల మీద వేసి పొగ పడితే పుచ్చులో పురుగులు గిన్నెలో రాలేవి, ఒక్క పైసా ఖర్చు లేదు, నొప్పి కూడా తగ్గేది. చిన్నపిల్లకి ఈ మందులన్నీ ఎందుకు, అది చేయించి చూడరాదా.

పిల్లలపళ్ళ_డాక్టర్_బెజవాడ:

పెద్దమ్మా, మా నాయనమ్మ కూడా ఇదే చెప్పేది, నేను చదువుకుని వచ్చాక ఆమెకి చెప్పడానికి చాలా కష్టపడ్డా. ఆ గిన్నెలో తెల్లగా కనపడేవి పంట్లోంచి వచ్చినవి కావు, పుచ్చు చేసేది కంటికి కనపడని బ్యాక్టీరియా, పురుగు కాదు. వేడి పొగకి కాసేపు నొప్పి తెలియకపోవచ్చు, ఆ కాసేపట్లో పుచ్చు ఇంకొంచెం లోపలికి పోతుంది. చిన్నపిల్ల నోట్లో కాలుతుంది, దయచేసి వద్దు.

బ్రేసెస్_తీసినాక:

పాపకి సంబంధం లేదు కానీ ఈ దారిలోనే ఇంకో పద్ధతి, పెద్దవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా. నాకు బ్రేసెస్ తీశాక ముందు పళ్ళ మీద చదరం చదరంగా తెల్ల మచ్చలు మిగిలాయి, ఇంకా రెండు దవడ పళ్ళ మధ్య ఎక్స్‌రేలో పుచ్చు మొదలైనట్టు కనపడింది. బెంగళూరులో ఒక డాక్టర్ రెజిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ చేశారు. జర్మనీ వాళ్ళు కనిపెట్టింది, 2009లో ఐకాన్ అన్న పేరుతో మార్కెట్లోకి వచ్చింది. పంటి మీద 15 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ జెల్ రెండు నిమిషాలు పెట్టి, కడిగి, ఆల్కహాల్‌తో ఆరబెట్టి, నీళ్ళలాంటి పల్చటి రెజిన్ వదిలారు, మూడు నిమిషాలు అది గుల్లబడిన సందుల్లోకి స్పాంజిలోకి నీళ్ళు పోయినట్టు పోతుంది, తర్వాత లైటు పెట్టి గట్టిపరిచారు. ఇంజెక్షన్ లేదు, డ్రిల్ లేదు, కానీ పంటి చుట్టూ రబ్బరు షీటు కట్టి చాలాసేపు నోరు తెరిచి ఉంచాలి. మచ్చలు నూటికి ఎనభై కలిసిపోయాయి, రెండు చోట్ల ఇంకా లీలగా కనపడతాయి.

దవడ పళ్ళ మధ్య చేసినదానికి వాళ్ళ మొదటి ట్రయల్ 2010ది డాక్టరే చూపించారు, 22 మంది మీద, ఒకటిన్నర ఏడాది. ఇన్‌ఫిల్ట్రేషన్ చేసిన చోట పుచ్చు ముదిరింది 7 శాతం, చేయనిచోట 37 శాతం. చిన్న ట్రయల్ అని ఆయనే చెప్పారు. ఒక ముఖ్యమైన సంగతి, ఆ రెజిన్ ఎక్స్‌రేలో కనపడదు, పుచ్చు ఉన్నట్టే కనపడుతుంది, కాబట్టి తర్వాత ఎప్పుడు ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా ఈ పంటికి చేయించుకున్నా అని చెప్పకపోతే అనవసరంగా డ్రిల్ చేసేస్తారు. నేను ఫోన్లో నోట్ రాసి పెట్టుకున్నా. గుంట పడిపోయాక ఇది పనిచేయదు, ఖరీదు కూడా ఎక్కువే.

మియాపూర్_అమ్మ:

అందరికీ పేరుపేరునా థాంక్స్. ఇది మొత్తం అత్తమ్మకి చదివి వినిపించా, కనిగిరి అన్న రాసింది రెండుసార్లు చదివించుకుంది. తాత మెడ తిప్పలేకపోయిన మాట దగ్గర ఆగిపోయింది, వాళ్ళ నాన్న కూడా అంతేనంట. తర్వాత ఆమే అడిగింది, మరి ఆ ఆరు నెలలకోసారిదేనా, నీళ్ళల్లో కలిపేది కాదుగా అని. కాదు అన్నా. సరే చేయించు, పేస్టు మాత్రం నేనే పెడతా అంది. పాప పుట్టిన దగ్గర్నుంచి ఇక్కడి నీళ్ళే, ఊరికి పండగలకి పోతాం అంతే, డాక్టర్‌కి చెప్తా.

మా ఆయన ఆ పదకొండేళ్ళ మాటకి ఒప్పుకున్నారు. రాత్రి పాలు బ్రష్ చేయకముందే ఇస్తున్నాం, మొదటి మూడు రాత్రులు ఏడ్చింది, ఇప్పుడు నీళ్ళు తాగి పడుకుంటోంది. రబ్బరు రింగులు సోమవారం పెడతారు, శుక్రవారం క్యాపు. అదే రోజు కుడి పంటికి ఎస్‌డీఎఫ్, ముందు పళ్ళకి వార్నిష్. మందు 38 శాతమే అని కనుక్కున్నా.

రెండు డౌట్లు. ఒకటి, ఆ మందు చర్మానికి తగిలితే ఏంటి? రెండు, పుచ్చు ఆగిందని ఇంట్లో నేను ఎలా తెలుసుకోవాలి, నల్లగా అయితే ఆగినట్టేనా?

పిల్లలపళ్ళ_డాక్టర్_బెజవాడ:

తగిలిన చోట గోధుమ రంగు మచ్చ పడుతుంది, గోరింటాకు లాగా ఒకటి రెండు వారాల్లో చర్మంతో పాటే పోతుంది, నొప్పి ఉండదు. పెదాలకి మేం వాజిలిన్ రాస్తాం. బట్టల మీద పడితే మాత్రం పోదు, మంచి గౌను వేయకండి ఆ రోజు. నోట్లో ఇనుము రుచి కాసేపు ఉంటుంది. వెండి ఎలర్జీ ఉందా, చిగుళ్ళ మీద పుండ్లు ఉన్నాయా అని అడుగుతారు, ఉంటే చెప్పండి.

నల్లబడితే ఆగినట్టు అని అనుకోకండి. నల్లగా ఉండి గట్టిగా, నున్నగా మెరుస్తుంటే ఆగింది. నల్లగానే ఉండి మెత్తగా, తడి మట్టిలా ఉంటే ఆగలేదు, మళ్ళీ రాయాలి. అది పనిముట్టుతో మెల్లగా తాకి చూడాల్సిన పని, మీరు పుల్లతో గుచ్చి చూడొద్దు. మూడు వారాలకి ఒకసారి చూపించండి, తర్వాత ఆరు నెలలకి రెండో పూత. మధ్యలో నెలకోసారి పొద్దున కిటికీ దగ్గర ఒకే వెలుతుర్లో ఫోటో తీసి పెట్టుకోండి, గుంట పెద్దదైతే ఫోటోలు పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. రాత్రి నొప్పితో లేచినా, చిగురు మీద చీము పొక్కు కనపడినా ఆరు నెలలు ఆగొద్దు, ఆ రోజే వెళ్ళండి.

మియాపూర్_అమ్మ:

సరే డాక్టర్ గారు. ఇవాళ పొద్దున కిటికీ దగ్గర మొదటి ఫోటో తీశా, తేదీ వేసి పెట్టా.